దెయ్యాన్ని కాదు, ఊరిని బోనెక్కించండి

మొన్న శుక్రవారం లంచ్ దగ్గర మా టీములో పెద్ద గొడవ జరిగింది. గొడవంటే కొట్టుకోలేదు లెండి, సాంబారు చల్లారిపోయేదాకా వాదించుకున్నాం అంతే. విషయం చేతబడి సినిమా. ఈమధ్య వచ్చినవాటిలో ఒకదాన్ని మావాళ్ళు ఆకాశానికి ఎత్తేస్తున్నారు. కెమెరా అదిరిందట, ఆర్ఆర్ కి సీటులోంచి లేచి పడ్డారట. "నాకు నచ్చలేదు" అన్నాను. అంతే! "నువ్వు ఇంగ్లీషు సినిమాలు చూసి చెడిపోయావు" అని ఒకడు, "దెయ్యం సినిమాలో కూడా లాజిక్ ఏంటి బాసూ" అని ఇంకొకడు. మా లీడు గారైతే "బీటెక్ చదివి దెయ్యాల గురించి ఇంత సీరియస్ గా మాట్లాడుతున్నావేంటయ్యా" అని నవ్వేసి చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళిపోయారు.

ఆయనకి అక్కడ చెప్పలేకపోయిన సమాధానం ఇది. కాస్త పెద్దదే, ఓపిక చేసుకోండి.

ముందుగా నాకు నచ్చిన సినిమా సంగతి. పేరు 'ట్రిక్ ఆర్ ట్రీట్'. రాసింది, తీసింది మైకేల్ డౌగర్టీ. దాదాపు 12 మిలియన్ డాలర్లతో తీశారు. మనకది పెద్ద మొత్తమే గానీ హాలీవుడ్ స్టూడియో లెక్కల్లో చిల్లర కింద లెక్క. నిడివి గంటన్నర కూడా ఉండదు. ఒహాయోలో వారెన్ వ్యాలీ అనే ఒక (లేని) చిన్న టౌను, ఒకే ఒక్క హాలోవీన్ రాత్రి, ఒకదానిలోకి ఒకటి దూరిపోయే నాలుగైదు కథలు. తీసింది మాత్రం కెనడాలో, వాంకూవర్ చుట్టుపక్కల. 2007 అక్టోబరులో విడుదల చేస్తామన్నారు, చెయ్యలేదు. రెండేళ్ళు బీరువాలో పెట్టి, ఫెస్టివల్స్ లో అక్కడక్కడా చూపించి, 2009 అక్టోబరులో నేరుగా డీవీడీలో పడేశారు. ఆ తర్వాత జనమే ఒకరికొకరు చెప్పుకుని చూశారు. అమెరికాలో హాలోవీన్ వస్తే చాలామంది ఇళ్ళల్లో ఇది పడాల్సిందే అన్నంతగా పాకింది. చివరికి 2022లో థియేటర్లలో వేశారు. పదిహేనేళ్ళు పట్టిందన్నమాట.

నేను ఆరు నెలలు కొలంబస్ లో ఆన్‌సైట్ ఉన్నప్పుడు మా పెదనాన్నగారి అబ్బాయి ఇంట్లో చూశాను. అప్పటికి నాకు హాలోవీన్ అంటే గుమ్మడికాయలు, చాక్లెట్లు, మనవాళ్ళ పిల్లలు స్పైడర్ మేన్ డ్రెస్సులేసుకుని ఇళ్ళ చుట్టూ తిరగడం, అంతే. సినిమా అయ్యాక చాలాసేపు సోఫాలోంచి లేవలేదు. భయమేసి కాదు. ఎందుకో చెప్తాను. (ఇక్కణ్ణుంచి కథంతా చెప్పేస్తున్నాను. చూడాలనుకునేవాళ్ళు చూసొచ్చి చదవండి.)

సినిమాలో ఒక స్కూలు ప్రిన్సిపాలు ఉంటాడు. ఊళ్ళో పెద్దమనిషి. పిల్లవాడికి విషం కలిపిన చాక్లెట్ ఇచ్చి చంపి పెరట్లో పాతిపెట్టేది ఆయనే. ఇంకో కథలో నలుగురు పిల్లలు కలిసి, కాస్త వేరుగా ఉండే రోండా అనే అమ్మాయిని రాళ్ళ క్వారీ దగ్గరికి తీసుకెళ్ళి ఏడిపిస్తారు. అక్కడ వాళ్ళు చెప్పుకునే కథే ఈ సినిమాకి గుండెకాయ.

ముప్ఫై ఏళ్ళ క్రితం ఆ ఊళ్ళో ఒక స్కూలు బస్సు. అందులో ఎనిమిది మంది పిల్లలు. మానసికంగా ఎదగని పిల్లలు, 'తేడా' పిల్లలు. బస్సులో వాళ్ళని గొలుసులతో కట్టి ఉంచుతారు. ఆ తల్లిదండ్రులకి వాళ్ళంటే సిగ్గు, ఇక విసుగు. అందరూ కలిసి డబ్బు పోగుచేసి డ్రైవరుకి ఇస్తారు. పని ఏమిటో మీకు అర్థమయ్యే ఉంటుంది. బస్సు క్వారీ నీళ్ళలో మునిగిపోతుంది. డ్రైవరు మాత్రం బయటపడతాడు.

తర్వాత ఏమైంది? ఏమీ కాలేదు! అదే అసలు భయం. బస్సు నీళ్ళలోనే ఉండిపోయింది. ఎవడికీ శిక్ష పడలేదు. డ్రైవరు అదే ఊళ్ళో ముసలివాడైపోయి, కుక్కతో ఒంటరిగా ఒక ఇంట్లో ఉంటాడు. ఆ తల్లిదండ్రులు ఏమయ్యారో సినిమా చెప్పదు. చెప్పనక్కర్లేదు, ఆ ఊరే వాళ్ళు. ముప్ఫై ఏళ్ళకి ఆ హత్య పిల్లలు ఒకరినొకరు భయపెట్టుకునే కథ అయి కూర్చుంది. చివర్లో ఆ ఎనిమిది మందీ ముసలి డ్రైవరు తలుపు తడతారు.

నాకు కలిగిన జ్ఞానోదయం ఏమిటంటే: దెయ్యం కథ అంటే ఊరు రాయించని ఎఫ్ఐఆర్. కంప్లైంటు ఇచ్చేవాడు లేక, సాక్షి లేక, స్టేషనుకి వెళ్ళే ధైర్యం లేక మిగిలిపోయిన కేసు. నోటితో చెప్పుకోలేరు, మర్చిపోనూ లేరు. అందుకని దెయ్యం చేసి చెప్పుకుంటారు.

ఇప్పుడు మన సినిమాల దగ్గరికొద్దాం.

మనవాటిలో దెయ్యం కథ అంటే సగానికి సగం చేతబడి కథే. ఈ జబ్బు ఇవాళ్టిది కాదు. యండమూరి 'తులసిదళం' నవల చదివి రాత్రిళ్ళు బాత్రూముకి వెళ్ళడానికి భయపడిన తరం మా అమ్మావాళ్ళది. పసిపిల్ల మీద చేతబడి చేయించే కథ అది. అప్పట్లోనే రంగనాయకమ్మ గారు 'తులసిదళం కాదు, గంజాయి దమ్ము' అని దాన్ని ఉతికి ఆరేశారు. జనం ఆ విమర్శ కన్నా నవలే ఎక్కువ చదివారనుకోండి, అది వేరే సంగతి.

2008లో వర్మ గారు హిందీలో 'ఫూంక్' తీశారు. అదే ఏడాది తెలుగులో 'రక్ష' అని వచ్చింది, జగపతిబాబు హీరో. 'ఫూంక్' కథ చూడండి. హీరో దేవుణ్ణీ దెయ్యాన్నీ నమ్మనివాడు, కట్టడాల పని చేసే ఇంజనీరు. ఉద్యోగంలోంచి తీసేసిన ఒకావిడ కక్షతో అతని కూతురు మీద చేతబడి చేస్తుంది. డాక్టర్లు చేతులెత్తేస్తారు. మంత్రగాడు వచ్చి కాపాడతాడు. ఆవిడ చస్తుంది. నమ్మనివాడికి బుద్ధొస్తుంది. అయ్యా, ఇందులో నేరం ఎవరిది? ఉద్యోగం పోయిన ఆడమనిషిది! తప్పెవరిది? నమ్మని ఇంజనీరుది!

2023లో 'విరూపాక్ష' వచ్చింది. కార్తీక్ దండు బాగా తీశాడు, కాదనను. థియేటర్లో నేనూ ఉలిక్కిపడ్డాను. రుద్రవనం అనే ఊరు, 1979, చేతబడి చేస్తున్నారన్న అనుమానంతో భార్యాభర్తల్ని ఊరంతా కలిసి తగలబెడుతుంది. ఎంత గొప్ప మొదలు! నేరం ఊరు చేసింది, అందరూ చూశారు. ఇక్కణ్ణుంచి 'ట్రిక్ ఆర్ ట్రీట్' దారిలో వెళ్ళుంటే ఎక్కడికో వెళ్ళేది. కానీ పన్నెండేళ్ళ తర్వాత కథ దేని గురించి? ఊరిని కాపాడటం గురించి. ఊరికి అష్టదిగ్బంధనం వేస్తారు, హీరో పరుగులు తీస్తాడు, ప్రమాదమంతా ఆ కాలిపోయినవాళ్ళ వైపు నుంచే వస్తుంది. తగలబెట్టినవాళ్ళు బాధితులు, తగలబడ్డవాళ్ళు విలన్లు. నిప్పు పెట్టిన చేతుల్ని కెమెరా మళ్ళీ అడగదు.

మన ఆఫీసుల్లో రూట్ కాజ్ ఎనాలిసిస్ ఎలా జరుగుతుందో మీకు తెలిసిందే. ప్రొడక్షన్ లో ఏదో పేలిపోతుంది. రాత్రి రెండింటికి కాల్. పొద్దున్న డాక్యుమెంటు రాయాలి. చివరికి తప్పు ఎవరి మీద పడుతుంది? పేపర్లు పెట్టి వెళ్ళిపోయినవాడి మీద. వాడు కాల్ లో లేడు, వాడు సమాధానం చెప్పుకోలేడు. రివ్యూ చెయ్యకుండా అప్రూవ్ నొక్కినవాళ్ళం, డెడ్‌లైన్ ముందుకి జరిపినవాళ్ళం అందరం "అవునవును" అని తలూపుతాం. నేనూ ఊపాను, అబద్ధమెందుకు. మన చేతబడి సినిమా సరిగ్గా ఈ డాక్యుమెంటే. కాల్ లో లేనివాడి మీదకి తోసెయ్యడం.

"సినిమాని సినిమాలా చూడు బాసూ" అంటారు. చూసేవాణ్ణే. కానీ అదే రోజు లంచ్ దగ్గర, అప్పటిదాకా మాట్లాడని మా కరీంనగర్ మిత్రుడు ఒక మాటన్నాడు. "మా దిక్కు గివి సినిమాలల్ల కాదు భయ్, నిజంగనే ఉంటయ్. మా చిన్నమ్మమ్మను ఊరంత మంత్రాలది అనెటోళ్ళు. మొగుడు సచ్చిపోయిండు, పిల్లలు లేరు, ఒక్కతే ఉంటుండె. ఎవల పోరనికి జరమొచ్చినా ఆమె దిక్కే సూసెటోళ్ళు. సచ్చేదాంక ఆమె ఇంట్ల ఒక్కలు మంచినీళ్ళు తాగలే." టేబుల్ దగ్గర అందరూ కాసేపు ఊరుకున్నారు. తర్వాత ఎవరో వచ్చే శనివారం రిలీజ్ గురించి మొదలెట్టారు.

ఇది పాతకాలం గోల అనుకుంటున్నారా? 2022 జనవరిలో జగిత్యాలలో, మంత్రాలు చేస్తున్నారన్న నెపంతో ఒక తండ్రినీ ఇద్దరు కొడుకుల్నీ కుల సంఘం సమావేశంలోనే, అందరి ముందూ పొడిచి చంపారు. అడవిలో కాదండీ, జిల్లా కేంద్రంలో! ప్రతి సంవత్సరం దేశంలో జరిగే హత్యల లెక్కలు చెప్పే జాతీయ నేర రికార్డుల బ్యూరో, కారణాల పట్టికలో 'మంత్రవిద్య' అని విడిగా ఒక గడి పెట్టుకోవాల్సి వచ్చిందంటే ఆలోచించండి. మహారాష్ట్రలో నరేంద్ర దభోల్కర్ మూఢనమ్మకాల మీద చట్టం కోసం ఏళ్ళతరబడి తిరిగి, 2013 ఆగస్టులో పుణెలో కాల్పుల్లో చనిపోయాక గానీ అక్కడ చట్టం రాలేదు.

సినిమా చూసి ఎవడో వెళ్ళి హత్య చేస్తాడని నేననను. అంత తేలిగ్గా జరగవు ఇవి. నేననేది ఇంకోటి. ఒంటరి ఆడమనిషి మీద వేలెత్తి చూపిస్తే "అవును, ఉంటాయట" అని తలూపే అలవాటు ఒకటుంది కదా, దానికి మన సినిమా నూనె పోస్తోంది. అది కూడా డాల్బీలో.

ఇప్పుడు నా కథ. ఇది చెప్పాలా వద్దా అని చాలా ఆలోచించాను.

మా అమ్మమ్మగారిది గోదావరి జిల్లాలో చిన్న టౌను. వేసవి సెలవులకి పిల్లలందరం అక్కడ చేరేవాళ్ళం. రాత్రి కరెంటు పోగానే డాబా మీదకి చాపలు, దిళ్ళు, మరచెంబు. మామయ్యలు దెయ్యం కథలు మొదలెట్టేవారు. మూడు కథలు ప్రతి ఏడూ తప్పనిసరి. రైసుమిల్లులో రాత్రిపూట వినిపించే హమాలీ దగ్గు. చెరువుగట్టు మీద లాంతరు పట్టుకు తిరిగే పాలేరు. మిల్లు వెనక నూతి దగ్గర గాజుల చప్పుడు చేసే కోడలు. ఒకే ఊరు, ఒకే రాత్రి, మూడు కథలు. డౌగర్టీ కన్నా ముందే మా మామయ్యలు తీసేశారు ఈ సినిమా, ఖర్చు లేకుండా.

కొలంబస్ లో ఆ సోఫాలో కూర్చున్నప్పుడు నాకు తట్టింది ఇదే. హమాలీ, పాలేరు, కోడలు. మా ఊళ్ళో ఒక్క మిల్లు ఓనరు కూడా చచ్చి దెయ్యం కాలేదేం? ఒక్క అత్తగారు కూడా కాలేదేం?

తిరిగొచ్చాక అమ్మమ్మని చూడ్డానికి వెళ్ళాను. అప్పటికే మంచం మీద ఉంది. మాటల్లో అడిగాను, "అమ్మమ్మా, ఆ నూతిలో కోడలు నిజంగా ఉండేదా?"

"ఉండేది. తెల్లగా, పొడుగ్గా ఉండేది."

"పేరేంటి?"

"పేరెందుకురా ఇప్పుడు."

కాసేపటికి తనే చెప్పింది. పెళ్ళయిన రెండో ఏడు, పొలం రాసివ్వలేదని పుట్టింటికి పంపేవారట. మళ్ళీ తీసుకొచ్చేవారట. ఒకరోజు తెల్లారేసరికి నూతిలో తేలింది. కాలుజారి పడిందన్నారు. తెల్లారకుండా నీళ్ళకెందుకు వెళ్ళిందో ఎవరూ అడగలేదు.

"స్టేషనుకి ఎవరూ వెళ్ళలేదా?"

"ఎవరెళ్తార్రా? వాళ్ళు మనకి చుట్టాలు కదా."

ఆవిడ పేరు ఇక్కడ రాయను. ఆవిడకో కొడుకున్నాడు, వాడికి ఏం చెప్పి పెంచారో నాకు తెలీదు. కానీ ఇరవయ్యేళ్ళపాటు ఆ డాబా మీద పడుకుని ఆ గాజుల చప్పుడుకి కిలకిలా నవ్వుకుంటూ దుప్పటి ముసుగేసుకున్నవాళ్ళలో నేనూ ఒకణ్ణి. అందుకే బోనెక్కాల్సింది ఊరు అన్నప్పుడు నన్ను నేను మినహాయించుకోవడం లేదు.

ఇక నాకెదురయ్యే అభ్యంతరాలు నేనే చెప్పేస్తాను.

ఒకటి. "నీ సినిమాలో కూడా ఆచారం తప్పితే చావే కదా?" ఇది గట్టి ప్రశ్న. అందులో శామ్ అని గోనెగుడ్డ ముసుగేసుకున్న పిల్ల పిశాచం ఒకటుంది. హాలోవీన్ రూల్స్ తప్పినవాళ్ళ పని పడుతుంది. మొదట్లోనే ఒకావిడ గుమ్మడికాయ దీపం ముందే ఆర్పేసిన పాపానికి చస్తుంది. అది అన్యాయమే, ఒప్పుకుంటాను. సినిమాలో నాకు నచ్చని భాగం కూడా అదే. కానీ తేడా గమనించండి. ఆ సినిమా శామ్ ని చూపించి పక్కింటివాడి మీద అనుమానపడమని చెప్పదు. అనుమానించాల్సింది ప్రిన్సిపాలుని, డబ్బు పోగుచేసిన తల్లిదండ్రుల్ని. ఏడిపించబడ్డ రోండా చివరికి బతికి బయటపడుతుంది. మన సినిమాలో అయితే ఆ 'తేడా' అమ్మాయికే దెయ్యం పట్టి ఉండేది.

రెండు. "మనవాళ్ళు నాలుగు కథల సినిమా చూడరు." ఇదే మాట ఇంకో భాషలో అక్కడా అనుకునే ఉంటారు, లేకపోతే రెండేళ్ళు బీరువాలో ఎందుకు పెడతారు? ఆ అక్టోబరులోనే 'సా' నాలుగో భాగం థియేటర్లలో ఆడింది. పైగా మనకిది కొత్తా? 2003లో వర్మ గారే నిర్మించిన 'డర్నా మనా హై'లో ఆరు కథలున్నాయి. చందమామలో బేతాళ కథలు ఏళ్ళతరబడి నెలనెలా చదివిన జాతి మనది. విడి కథలు మనకి అరగవంటే నేను నమ్మను.

మూడు. "బడ్జెట్ లేదు." అసలు బడ్జెట్ లేకపోవడమే ఇక్కడ వరం. 'పారానార్మల్ యాక్టివిటీ' ఒక ఇంట్లో, దాదాపు 15 వేల డాలర్లతో తీశారు. మా అమ్మమ్మగారి ఊరి కథకి ఏం కావాలి? ఒక నుయ్యి, ఒక మిల్లు, ఒక డాబా, కరెంటు కోత. కరెంటు కోత సంగతి ఎవరూ నిర్మించనక్కర్లేదు, అదే వస్తుంది. ఖరీదైనది ఒక్కటే, ఊరికి కోపమొచ్చే కథ చెప్పే దమ్ము. చేతబడి చేసే ముసలమ్మకి యూనియన్ లేదు. మిల్లు ఓనరుకి ఉంది. అందుకే ముసలమ్మే విలన్.

ఏతావాతా నేననేది ఇంతే. దెయ్యం సినిమాలు తియ్యొద్దని కాదు, ఇంకా తియ్యండి. కానీ దెయ్యం ఎవరో చెప్పాక, దాన్ని దెయ్యం చేసిందెవరో కూడా చెప్పండి. నిమ్మకాయలూ ముగ్గులూ క్లోజప్పులో చూపించే ముందు, నూతి దగ్గరికి ఆవిడ వెళ్ళేటప్పటికి టైమెంతో అడగండి.

మా లీడు గారికి: అవునండీ, బీటెక్ చదివే దెయ్యాల గురించి సీరియస్ గా మాట్లాడుతున్నాను. చదువుకున్నాం కాబట్టే, లాగ్స్ చూడకుండా తప్పు ఎవడి మీదో తోసెయ్యకూడదని తెలుసు కాబట్టే.

చదివినవాళ్ళకి ఒక చిన్న పని. ఈసారి ఊరెళ్ళినప్పుడు, మీ వీధి దెయ్యం ఎవరో ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి. కథ అడక్కండి, అది మీకు వచ్చు. పేరు అడగండి.